నిల్డా లెక్క తగ్గించుకున్న వైనం

మా పూనో పైకొండల్లో ఆడపిల్ల ఐదో తరగతి దాటితేనే గొప్ప అనుకునే రోజుల్లో, సబీనా చోకెవాంకా కూతురు నిల్డా జిల్లా లెక్కల పోటీలో మొదటి బహుమతి తెచ్చింది. తరువాత ఇంజినీరైంది. మా ఉన్ని సహకార సంఘం తూకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది ఆవిడే. ఇవి చాలవన్నట్టు కంప్యూటర్ శాస్త్రంలో మాస్టర్స్‌కి చేరింది. మా కొండ మీద అంతదాకా వెళ్లినవారు మగవాళ్లలోనూ లేరు.

ఆమె పరిశోధన మేం ఉన్ని కోసం పెంచే ఒంటెజాతి జీవాలు అల్పాకాల మీద. దొంగలు తోలుకుపోయిన అల్పాకా ఏ సంతలోనో కనబడితే, ఇది మాదేనని రుజువు చేయడం ఎలా? మొహం ఫొటో చూసి ఇది ఫలానాదని కంప్యూటర్ చెప్పాలి. కార్నివాల్ పండుగ కాగానే నిల్డా తన తల్లి మందనంతా ఫొటోలు తీసింది. కొన్నిటితో కంప్యూటర్‌కి నేర్పి, మిగిలినవాటితో పరీక్ష పెడితే నూటికి తొంభై ఆరు సరిగ్గా చెప్పింది. ఆమె గైడు, ఇంజినీరు ఎడిల్‌బెర్తో మురిసిపోయాడు. పట్టా ఇవ్వాలో వద్దో తేల్చే జ్యూరీ ముందు హాజరయ్యే తేదీ ఖాయమైంది. అది తప్పితే విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు కూడా తీరిపోతుంది.

ఒక మధ్యాహ్నం సబీనా కూతురి గదికి వచ్చింది. పండుగనాడు అల్పాకా చెవులకు కట్టగా మిగిలిన ఎర్ర, పసుపు ఉన్ని కుచ్చు ఆమె టోపీకి వేలాడుతోంది.

"నీ పెట్టె నన్ను గుర్తుపడుతుందేమో చూడవే."

నిల్డా నవ్వుతూ ఫొటో తీసి పెట్టింది. తెర మీద పేరు పడింది.

"ఏమంటోంది?"

"నువ్వు పాంచితావంటమ్మా."

"ఆ ఉమ్మేసేదా? ఇన్నేళ్లు చదివి కన్నతల్లిని అల్పాకాని చేశావు గదే."

నిల్డాకూ నవ్వొచ్చింది కానీ సగంలోనే ఆగిపోయింది. కంప్యూటర్ మొహాలు నేర్చుకోలేదు, కుచ్చులు నేర్చుకుంది. మేము ఒక్కో జీవానికి ఒక్కో రంగుల కలయిక కడతాం; ఎర్ర, పసుపు పాంచితావి. కుచ్చు లేని చెవి మా కంటికి అల్లిక సగంలో వదిలేసిన టోపీలాంటిది. అందుకే అన్ని ఫొటోల్లో ఉన్నా అవి ఆమెకు కనబడలేదు, మందల ఇంట పుట్టిన ఎడిల్‌బెర్తోకీ కనబడలేదు. దొంగ మొదట పీకేది మాత్రం వాటినే.

"అవి విప్పి మళ్లీ ఫొటోలు తీద్దామా?"

"పండగనాడు కట్టింది చేత్తో విప్పకూడదు. వాటంతటవే రాలాలి. నీ చదువు కోసం నా మందకి అరిష్టం తేలేను తల్లీ."

చేసేది లేక ప్రతి ఫొటోలోనూ చెవులు కత్తిరించి, నుదుటి నుంచి కిందిభాగమే మిగిల్చి మళ్లీ నేర్పింది. తొంభై ఆరు కాస్తా డెబ్బై ఒకటికి దిగింది.

"పాత అంకెతో వెళ్తే ఎవరూ నోరెత్తరు," అన్నాడు ఎడిల్‌బెర్తో. "దీంతో వెళ్తే, ఇంకా పనిచేసి రమ్మంటారేమో. అప్పుడు గడువూ ఉండదు, పట్టా ఉండదు."

"తెలియక రాసింది వేరు ఇంజినీరుగారూ. ఇప్పుడు తెలిసింది."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "సరే, రాయి. పాత తప్పు సంగతి చివర అనుబంధంలో పెట్టు."

జ్యూరీ అధ్యక్షురాలు డాక్టర్ ఉర్సులా సూటిగా అడిగింది: "పదింటిలో మూడు తప్పుతుంటే ఏం పనికొస్తుందమ్మా?"

"ఇప్పటిదాకా సంతలో మాకు మా మాట తప్ప సాక్ష్యం లేదు డాక్టరుగారూ. ఇకమీద పదింటిలో ఏడింటికి ఉంటుంది."

నిర్ణయం కోసం ఆమెను బయటికి పంపారు. వరండాలో సబీనా ఉడికించిన దుంపల మూట, జున్ను పట్టుకుని కూర్చుంది.

"కాదంటే ఇదంతా మనమే తిందాం."

"కాదన్నా జ్యూరీవాళ్లకి పెట్టాలమ్మా. ఆనవాయితీ."

"అయితే జున్ను చిన్నముక్కలే కోస్తాను."

తలుపు తెరుచుకుంది. అందరూ లేచి నిలబడ్డాక ఉర్సులా చదివింది: ఏకగ్రీవంగా ఆమోదం, ఒక్క సవరణతో. "ఆ తొంభై ఆరు ఎలా వచ్చిందో చివర దాచారు. దాన్ని ముందుకు తెండి. మీ తరవాత ఈ పని చేసేవాళ్లు మొదట చదవాల్సింది అదే."

జ్యూరీవాళ్లు దుంపలు తింటుంటే నిల్డా కిటికీ పక్కన కూర్చుని ఆ తప్పును రెండో అధ్యాయంగా జరిపి, పేజీల అంకెలు సరిచేసింది. ఆ పరిశోధన గ్రంథం ఇప్పుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. ఎవరడిగినా ఇస్తారు.