పడవ అడుగున పసుపు

ఆ రోజుతో చేపల వేట మీద నిషేధం ముగిసింది. సాయంత్రం పోటుకి పడవలన్నీ సముద్రం మీదికి బయల్దేరుతున్నాయి. మా బావ పడవ మాత్రం మొగల్తూరు దగ్గర కాలవ గట్టు మీద బోర్లా పడి ఉంది. దాని అడుగున ఫైబర్ అరచెయ్యంత మేర పగిలింది.

పడవలు బాగుచేసే మేస్త్రి గారు కొత్త రకం ఎపాక్సీ జిగురు తెచ్చారు. పాత జిగురైతే గట్టిపడే మందు కలిపి, ఆరేదాకా ఆగాలి. దీనికి మందు అక్కర్లేదు. గాజు నూలు గుడ్డని ఇందులో తడిపి పగులు మీద పరిచి, అతినీలలోహిత కాంతి దీపం పెడితే కాసేపట్లో రాయిలా అవుతుంది. ఎండలోనూ ఆ కాంతి ఉంటుంది కనక, ముందే గట్టిపడిపోకుండా పైన పట్టా కట్టి నీడలో పని చేశారు.

నేను బట్టలు కుడతాను. పదో తరగతితో చదువు ఆగినా, నరసాపురం గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివేశాను. ఈ మాట ఎవరూ అడక్కపోయినా చెబుతుంటాను.

"ఏంటి మరదలా, ఈ దీపం కూడా నీ పుస్తకాల్లో ఉందా?" అన్నాడు బావ.

"ఉంది. ఆ వెలుగు వంక చూడకు బావా, కళ్లు పాడవుతాయి."

"నీ వంక చూస్తే మీ అక్క కళ్లు పీకేస్తుంది. మరి దేని వంక చూడను?"

"నీ పడవ వంక చూసుకో," అంది అక్క.

దీపం ఆర్పి మేస్త్రి గారు అతుకు మీద తట్టారు. గట్టిగా పలికింది. పడవని తిరగెయ్యడానికి బావ నలుగురిని కేకేశాడు. నేను వంగి చూశాను. అతుకు అంచులు గాజులా ఉన్నాయి. మధ్యలో మాత్రం చిక్కటి పసుపు రంగు.

"ఇదేంటండీ?"

"అక్కగారు జిగురులో పసుపు వేశారు కదమ్మా. ఏ పడవకైనా వేస్తారు," అన్నారు మేస్త్రి గారు.

అది మా వాళ్ల పద్ధతి. పడవకి అతుకు వేస్తే ఇంటి ఆడది జిగురులో చిటికెడు పసుపు కలుపుతుంది. ఈసారి భయం కొద్దీ అక్క గుప్పెడు కలిపింది. పాత జిగురుకి దానివల్ల నష్టం లేదు, మందు లోపల్లోపలే పని చేస్తుంది. ఇక్కడ పని చేసేది వెలుగు. అది చేరినంత మేరే జిగురు గట్టిపడుతుంది. పసుపు రంగు ఊదా వైపు కాంతిని మింగేస్తుందని రంగుల పుస్తకంలో చదివాను. అంటే ఊదాని ఆనుకునే ఉండే ఈ దీపం వెలుగు పైపొర దాటి ఉండదు.

కానీ నేను ఆ జిగురుని చూడటం అదే మొదలు. నా మాట తప్పైతే బావకి తొలి వేట పోతుంది. నిజమై, నేను నోరు మూసుకుంటే, ఆ అతుకు సముద్రం మధ్యలో ఊడుతుంది.

"బావా, ఆపు. లోపల పచ్చిగా ఉంటుంది."

"పసుపేస్తే పడవ మునుగుతుందా? ఇదెక్కడి చోద్యం!" బావ గొంతులో నవ్వు లేదు.

"నువ్వూరుకోవే, బయల్దేరే వేళ ఆ మాటలేంటి?" అక్క నా చెయ్యి పట్టి లాగింది.

"మేస్త్రి గారూ, ఒక్కచోట గీకి చూడండి. గట్టిగా ఉంటే ఇంకెప్పుడూ పుస్తకం మాటెత్తను."

ఆయన బావ వంక చూశారు. బావ తల తిప్పుకున్నాడు. ఉలి పెట్టి కొట్టగానే పైపొర పెంకులా లేచింది. కింద వేలు పెడితే జిగురు తీగలా సాగింది.

కాలవలో మొదటి పడవ ఇంజను మోగింది.

మళ్లీ మొదటికొచ్చారు. పచ్చి అతుకంతా తీసి, తుడిచి, అరగదీసి, ఈసారి పసుపు లేకుండా పల్చటి పొరలు పరిచారు. ఒక్కో పొరకీ దీపం, ఒక్కో పొరకీ గోరుతో పరీక్ష. పోటు తగ్గిపోతుందేమోనని బావ కాలవ వైపు పరిగెత్తి చూసొస్తున్నాడు. అక్క పసుపు డబ్బా పట్టుకుని నాకు దూరంగా వెళ్లి నిలబడింది.

పడవ నీళ్లలోకి దిగేసరికి మిగతావన్నీ వెళ్లిపోయాయి. బావ లోపలికి దూకి అడుగంతా తడిమి, అరచెయ్యి పైకెత్తి చూపించాడు. పొడిగా ఉంది.

అక్క నీళ్లలోకి దిగి, పడవ ముక్కుకి బయటివైపు గుప్పెడు పసుపు రాసింది.

"ఇక్కడ రాయొచ్చా?" అంది నన్ను చూడకుండానే.

"ఎంతైనా రాసుకో," అన్నాను.