బీలలో పొడి దారి

మా బీలలో కొత్తవాళ్లు నడవలేరు. ఊరికీ సముద్రానికీ మధ్య ఎప్పుడూ నీళ్లుండే పల్లపు నేలను మేం బీల అంటాం. పైకి పచ్చగా తుంగ కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది. అందుకే సోంపేట వైపు నుంచి ఎవరొచ్చినా మా ఊరివాళ్లు ఎవరో ఒకరు ముందు నడవాలి. బొండం కొట్టి ఇవ్వడం, ఆ తర్వాత దారి చూపించడం, అదే మా మర్యాద. ఏ పని మీద వచ్చావని మాత్రం అడగరు. దాహంతో ఉన్న మనిషిని అలా అడగడం తప్పని మా అమ్మ అనేది.

అప్పటికి నేను పదో తరగతి తప్పి, పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి పోతున్నాను. ఒక ఆదివారం ఇంట్లో ఉంటే జీపు దిగి నలుగురు వచ్చారు. బూట్లు, కెమెరా, మెడలో కార్డులు. అమ్మ బొండాలు కొట్టించింది. బీల చూడాలన్నారు. నీళ్లలోంచి తీసుకెళ్తే బాగుండదని, పశువులు నడిచే ఇసక గట్టు ఒకటుంటే దాని మీదుగా తీసుకెళ్లింది. తిరిగొచ్చాక తెగ మురిసిపోయింది, పెద్దవాళ్లు తనని అమ్మా అని పిలిచారట.

కొన్ని నెలలకి ఆటోలో మైకు పెట్టుకుని వచ్చి చెప్పారు. బీలలో బొగ్గుతో కరెంటు తీసే ఫ్యాక్టరీ వస్తుందట, జనం వచ్చి అభిప్రాయం చెప్పాలట. బీల పోతే మా వరి లేదు, చేప లేదు, చాపలకి తుంగ లేదు. ఊరు ఊరంతా వెళ్లింది.

షామియానా కింద, ఆ రోజు జీపులో వచ్చినవాళ్లలో ఒకడు, కంపెనీ మనిషి, రిపోర్టు చదివాడు. బీల చాలావరకు ఎండిన బంజరు నేలట, తాము స్వయంగా నడిచి చూశారట. ఫొటోలు కూడా చూపించాడు. అన్నీ గట్టు మీద తీసినవే. ఒకదాంట్లో ఓ మూల అమ్మ చీర కొంగు ఉంది. అమ్మ లేచి నిలబడింది.

"బాబూ, మీ బూట్లు తడిసిపోతాయని నానే మిమ్మల్ని గట్టు మీద తీసుకెళ్లినాను. దానికి రెండేపులా నీళ్లే గదా, సూల్లేదేటి?"

ఫొటోలో నీళ్లు లేవు కదమ్మా అన్నాడు అతను, నవ్వుతూనే.

నాకు ఒళ్లు మండింది. అంతకు ముందే పలాసలో మా జీడిపిక్కలు కాల్చే బట్టీ పొగ ఎక్కువైందని, చట్టం ఒప్పుకోదని ఆపించారు. మేమంతా పని లేక కూర్చున్నాం. అదే అడిగాను.

"మా బట్టీ పొగకి సట్టం ఉంది గదండీ, మరి ఇంత పెద్ద పొగగొట్టానికి లేదేటి?"

బల్ల దగ్గర కూర్చున్న పెద్ద ఆఫీసరు ఓపిగ్గానే చెప్పాడు. దేశం మొత్తం మీద పొగ తగ్గించాలని ఢిల్లీలో అనుకుంటున్నారట, కానీ అవి లక్ష్యాలేనట, వాటి పేరు చెప్పి ఫ్యాక్టరీని ఆపేంత చట్టం ఇంకా లేదట. పైగా దేశానికి కరెంటు కావాలట.

"ముందు మా ఊరికియ్యండి బావా, మిగిల్తే దేశానికిద్దురు," అని వెనక నుంచి ఎవరో అన్నారు. పోలీసులు కూడా నవ్వారు.

మరి ఆపే అధికారం ఎవరిదని అడిగాను.

"మేం వినడానికే వచ్చామమ్మా. నిర్ణయం మాది కాదు."

వినాలని చట్టం ఉంది. విన్నది పాటించాలని లేదు. పదో తరగతి తప్పినదాన్నైనా ఆ మాత్రం నాకు అర్థమైంది.

ఊళ్లో ఆడవాళ్లు ఆఫీసర్లని వదిలేసి అమ్మ మీద పడ్డారు. బొండాలిచ్చి మరీ బీలని అప్పగించిందన్నారు. ఆ వచ్చినవాళ్లు తమ గుమ్మంలోకి వచ్చి ఉంటే తామూ అదే చేసేవాళ్లమని ఒక్కరూ అనలేదు.

కొలతలు వేయడానికి కంపెనీవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు అమ్మ బీలలో తుంగ కోస్తోంది. నేను ఒడ్డున మోపులు కడుతున్నాను. ఆ ఫొటోల మనిషే ముందున్నాడు. అమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి పిలిచింది.

"పొడి నేలే గదా బాబూ, సక్కా ఇలా వచ్చేయండి."

అతను చెయ్యి ఊపాడు. దారి చూపించమని ఎవరినీ అడగలేదు. తిన్నగా గట్టు ఎక్కి, బూట్లు తడవకుండా, అమ్మ నేర్పిన దారినే నడిచి వెళ్లాడు.