గడప బయటి పళ్ళెం కోసం వాషింగ్టన్ దాకా

నా వీసా ఎక్స్‌టెన్షన్ ఎక్కడ ఇరుక్కుందో తెలియదు. ఇండియా వెళ్ళడానికి లేదు, ఇంట్లో కాలు నిలవదు. రోజంతా ఫోన్‌లో స్టేటస్ చూసుకోవడం, విసుక్కోవడం, మళ్ళీ చూసుకోవడం. అలాంటప్పుడు ఇక్కడ, వాషింగ్టన్ శివారు షాంటిలీలో మా కింది ఫ్లాట్ ఆంటీ వచ్చి, వాషింగ్టన్‌లో పాత మ్యాపులుండే లైబ్రరీకి తీసుకెళ్తావా అంటే, ఎందుకని కూడా అడగకుండా గురువారం లీవ్ పెట్టేశాను.

ఆంటీది దక్షిణాఫ్రికాలోని డర్బన్. చెరకు తోటల్లో పనికని ఎప్పుడో అక్కడి ఇంగ్లీషువాళ్ళ నాటాల్‌కి (డర్బన్ అందులోదే) వెళ్ళిన తెలుగు కుటుంబం. బోయర్ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు పక్కనున్న డచ్చి బోయర్ల దేశం ట్రాన్స్‌వాల్‌ని ఆక్రమించుకుంటూ పోతుంటే, ఆవిడ ముత్తాత తమ్ముడు సైన్యం బండ్లు తోలుతూ వాళ్ళ వెంట వెళ్ళాడట. డోర్న్‌హూక్ అనే పొలం దగ్గర జ్వరమొచ్చి అక్కడే పోయాడు. ఇంట్లో అందరూ ఆయన్ని చినతాత అనే అంటారు. పరాయి దేశంలో పోయాడు కాబట్టి పెద్దల అమావాస్యకి పోయినవాళ్ళందరి అన్నం పళ్ళేలూ ఇంట్లో పెట్టి, ఆయనది మాత్రం గడప బయట, డర్బన్ నుంచి ఆయన పోయిన చోటు ఏ దిక్కో ఆ దిక్కుకి పెట్టడం వాళ్ళింటి ఆనవాయితీ. వాళ్ళమ్మ పోయిన చలికాలం చనిపోయింది. ఈసారి ఆ పళ్ళెం పెట్టే వంతు ఆంటీది.

"అమ్మకి దిక్కు తెలుసు. నేనెప్పుడూ అడగలేదు. ఫోన్‌లో ట్రాన్స్‌వాల్ అంతా వెతికాను, ఆ పొలం పేరే లేదు. సండే అమావాస్య," అంది కార్ ఎక్కుతూనే. సీట్ బెల్ట్ కూడా నేను గుర్తుచేస్తే గానీ పెట్టుకోలేదు.

ఎనిమిదింటికి బయల్దేరాం. ఐ-66 హైవే మీద యథాప్రకారం నత్తనడక. వియన్నా మెట్రో స్టేషన్లో కార్ పార్క్ చేసి (రోజుకి ఐదు డాలర్ల పైచిలుకు) ఆరెంజ్ లైన్ ఎక్కాం. క్యాపిటల్ సౌత్‌కి ముప్పావుగంట. లైబ్రరీ అక్కడికి దగ్గరే, మధ్యలో రైలు మారాల్సిన పని లేదు.

"ఆంటీ, మన అపార్ట్‌మెంట్‌లో బయట అన్నం పెడితే చినతాత కంటే ముందు ఉడతలొస్తాయి," అన్నాను, ఆవిడ కుదురుగా కూర్చుంటుందేమోనని.

"రానీ. బండి తోలినవాడు కదా, జంతువులంటే ఇష్టమే ఆయనకి."

లైబ్రరీలో కార్డు ఉచితమే గానీ ఫొటో తీసి ఇచ్చేదాకా క్యూ. బ్యాగులు లాకర్లో పెట్టాం. మ్యాపుల గదిలో ఉద్యోగిని యుద్ధానికి ముందుది కావాలా, తర్వాతది కావాలా అని అడిగింది. పోయిన మనిషి కోసం వెతుకుతున్నాం, పాతదే చాలన్నాను. బల్లంత మ్యాప్ తెచ్చి పరిచింది. ట్రాన్స్‌వాల్ ఒక రంగు, నాటాల్ ఇంకో రంగు. చీమల్లాంటి అక్షరాలు. గంటసేపు వంగి వెతికేసరికి నా నడుం విరిగింది. చివరికి ట్రాన్స్‌వాల్ కింది మూలలో డోర్న్‌హూక్ ఆంటీకే దొరికింది.

"వెయిట్! ఇది ఫ్రైహైట్ టౌన్ పక్కన."

"తెలిసిన ఊరా ఆంటీ?"

"తెలియకపోవడమేంటి! నేను పెద్దయ్యాక మా కజిన్ అక్కడ టీచర్‌గా చేసింది. కానీ ఫ్రైహైట్ నాటాల్ కదా. మా నాటాల్!"

ఉద్యోగిని లోపలికెళ్ళి, యుద్ధం తర్వాత అచ్చయిన మ్యాప్ తెచ్చి పక్కన పరిచింది. ఆ మూల మొత్తానికి నాటాల్ రంగు వచ్చేసింది. గెలిచినవాళ్ళు ట్రాన్స్‌వాల్లోంచి ఆ ముక్క కోసి నాటాల్‌కి కలిపారని చెప్పింది. డోర్న్‌హూక్ ఉన్నచోటే ఉంది. సరిహద్దు గీతే దాన్ని దాటుకుని అవతలికి పోయింది.

ఆంటీ ఒక మ్యాప్ నుంచి ఇంకోదానికి మార్చి మార్చి చూసుకుంది. "నా చిన్నప్పుడు ఇండియన్స్‌ని అక్కడ ఉండనిచ్చేవాళ్ళు కాదు. అందుకే మావాళ్ళెవరూ వెళ్ళి చూడలేదు, ట్రాన్స్‌వాల్ అన్న మాటే పట్టుకుని అది మనది కాదనుకున్నాం. మా అమ్మ వానలో గొడుగు పట్టుకుని నిలబడేది, యు నో. ఆయన అన్నం తడవకూడదని. ఎవ్రీ ఇయర్." అక్కడే, బల్ల మీద కన్నీళ్ళు పడకుండా మొహం పక్కకి తిప్పుకుని ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. భూమి కోసం కొట్టుకున్నవాళ్ళెవరో, వానలో తడిసింది ఎవరో.

ఆదివారం ఆంటీ ఇంటికి భోజనానికి వెళ్ళాను. గడప బయట ఏమీ లేదు. వంటింట్లో గోడవారన పళ్ళేల వరసలో ఈ ఏడాదే చేరిన వాళ్ళమ్మ పళ్ళెం, దాన్ని ఆనుకుని చినతాతది. "ఇన్నేళ్ళూ ఇద్దరూ బయటే ఉన్నారు. లోపల కూర్చోబెట్టాను," అంది. నా వీసా ఇంకా పెండింగే. ఏ గీతకి ఇవతల ఉన్నానో ఎవరో చెప్పేదాకా నాకూ నిలకడ ఉండదు, నిజమే. కానీ ఆ పూట మాత్రం ఫోన్ తీయకుండా కడుపునిండా తిన్నాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. లైబ్రరీలో ఆ మ్యాపుల గది శని, ఆదివారాలు తెరవరు. పనిరోజు పొద్దున్నే వెళ్ళండి, పెన్ను బదులు పెన్సిల్ పట్టుకెళ్ళండి. నాలా పాత మ్యాప్ ఒక్కటే చాలనకండి. తర్వాతది కూడా అడిగి, రెండూ పక్కపక్కన పరుచుకుని చూడండి.