సణుగుడు సభ్యుడు

టైలర్ షాపులకు సాఫ్ట్‌వేర్ రాసి అమ్మే ఆయన్ని ఇంట్లోవాళ్లు చాటుగా ‘పుస్తకం చెప్పింది’ అని పిలుస్తారు, ఏ మాటైనా అలాగే మొదలుపెడతాడని. చెవి మీద పెన్సిలు, ఒళ్లో వ్యాపార పుస్తకం, పక్కన చల్లారిన కాఫీ. కస్టమర్లు కబుర్లాడుకోవడానికి ఆన్‌లైన్లో ఒక ఫోరం ఉండాలని పుస్తకం చెప్పింది. పెట్టాడు, ఈగ కూడా వాలలేదు. మొదట్లో సందడి మనమే చేయాలని ఇంకో పుస్తకం చెప్పింది. దొంగపేర్లతో తనే చేరి, ఒక పేరుతో పొగిడాడు, ఒక పేరుతో సందేహాలడిగాడు, మరో పేరుతో సణిగాడు. “కొలతలు సేవ్ చేస్తే చేతుల పొడుగు ఎగిరిపోతోంది, ఇదేం సాఫ్ట్‌వేరండీ బాబూ!” అని సణిగేటప్పుడు మాత్రం, ఎన్నాళ్లుగానో కడుపులో దాచుకున్నదంతా బయటికొచ్చి వేళ్లు టకటకలాడేవి.

“మిమ్మల్ని మీరే తిట్టుకోవడం దేనికండీ?” అంది భార్య.

“సహజంగా ఉండొద్దుటే?” అన్నాడు.

వాతావరణం పాడుచేసేవాళ్లని మొహమాటం లేకుండా తీసేయాలని ఈ వారం పుస్తకం చెప్పింది. సణుగుడాయన్ని తీసేసి, చేతులు దులుపుకున్నాడు. మర్నాడు పొద్దున్నే, ఫోరం పుట్టాక మొట్టమొదటి అసలు కస్టమరు, ఒక టైలరు, చేరి రాశాడు: “అయ్యా, ఆయన్నెందుకు తీసేశారు? ఇన్నాళ్లూ చేరకపోయినా, రోజూ ఆయన రాసింది చదవడానికే వచ్చేవాణ్ణి. మీ అందరిలో ఈ సాఫ్ట్‌వేర్ నిజంగా వాడేది ఆయనొక్కడే.”