రెప్ప లాగే పిన్ని

“కింది రెప్ప లాగు. పైకి చూడు. ఊఁ, నీ లివరుకు ఢోకా లేదు. ఇప్పుడు చెప్పు, ఎప్పుడొచ్చావు?”

మా పిన్ని పలకరింపు ఇదే. ఎదుటి మనిషి తెల్లగుడ్డు పచ్చబడిందో లేదో చూడనిదే ఆమె నోట రెండో మాట రాదు. ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి రెప్ప లాగితే, పిల్ల ఏడుస్తోందనుకుని ఫొటోగ్రాఫరు నాలుగు ఫొటోలు తీశాడు. తనిఖీకొచ్చిన పై అధికారికి కుర్చీ చూపకముందే రెప్ప లాగింది. ఆయన అప్పట్నుంచీ నల్లకళ్ళద్దాలతోనే వస్తున్నాడు.

తప్పు ఆమె ఉద్యోగానిది. ఎలుకలకు నొప్పి మాత్రలు మోతాదు మించి ఇచ్చి కాలేయం చెడగొట్టడం, సముద్రపు పాచి నుంచి తీసిన సారం పట్టి బాగుపడుతుందేమో చూడడం. పదిహేనేళ్ళుగా అదే పని. ఆ ప్రయోగశాలలో ఫ్రిజ్‌లు బాగుచేసేది నేను. ఫ్రిజ్ సంగతి విప్పి చూసి నేర్చుకున్నాను, కాలేయం సంగతి పిన్ని చెబితే విని నేర్చుకున్నాను.

ఆ పాచి సారం ఉన్న ఆకుపచ్చ సీసా మీద అందరికీ కన్నే. బాబాయి అయితే రోజూ పోరు.

“ఎలుకలకు పోస్తావు, కట్టుకున్నవాడికి ఓ చెంచా పొయ్యవా?”

“ముందు వాటి సంగతి తేలనీ. లైన్లో నువ్వు వెనకాల ఉన్నావు.”

మొన్న నేను వెళ్ళేసరికి పిన్ని రబ్బరు బూట్లేసుకుని ఎలుకల బోనులు కడుగుతోంది. ఆ పని చెయ్యాల్సిన పెద్దాయన స్టూలు మీద కూర్చుని సీసాలకు చీటీలు అంటిస్తున్నాడు.

“వేరేవాళ్ళ చెయ్యి పడితే నా ఎలుకలు బెదిరిపోతున్నాయిరా,” అంది పిన్ని, వరండా అంతా వినిపించేలా.

ముప్పై ఏళ్ళుగా ఆ బోనుల మీద పడింది పెద్దాయన చెయ్యే. పిన్ని నీళ్ళకోసం లోపలికి వెళ్ళగానే ఆయన గొంతు తగ్గించాడు.

“నెల కిందట నా రెప్ప లాగింది బాబూ. లాగి, నా సంచీ బోర్లించింది. నడుం నొప్పికి రోజుకు పది మాత్రలు మింగేవాణ్ణి. ఒంగలేనని ఆఫీసుకు తెలిస్తే ఇంటికి పంపేస్తారు, ఇంకా ఏడాది సర్వీసుంది. ఆ పాచి మందు కాస్త పొయ్యండమ్మా అన్నా. ‘నువ్వు ఎలుకవా?’ అని తిట్టి ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళింది. మాత్రలు మానితే లివరు తేరుకుంటుందన్నారు. మానితే బోనులెట్లా ఎత్తను? మర్నాటికల్లా ఎలుకలు బెదరడం మొదలెట్టాయి.”

పిన్ని బకెట్టుతో తిరిగొచ్చి మా ఇద్దరి మొహాలూ చూసింది.

“చెప్పేశాడా? సరే, వెళ్తూ ఆఫీసులో ఓ మాట వేసిపో. మా పిన్నికి పిచ్చి ముదిరింది, బోనుల దగ్గరికి ఎవర్నీ రానివ్వడం లేదు అని. కాస్త దిగులుగా చెప్పరా. నువ్వు నవ్వావంటే పెద్దాయన ఏడాది సర్వీసూ పోతుంది.”