తిమ్మరాయప్ప తాళం

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు నవ్వు. డెంకణికోట అడవి అంచున పెరిగినవాణ్ణి. చీకటి పడితే మాకు భయం ఏనుగంటేనే. పెద్దయ్యాక వైర్లతో, ప్లగ్గులతో బతికాను. ఏ వింత శబ్దం వినిపించినా ముందు ఎర్తింగ్ చూసే రకం. ఇది చదివి నాకు మతి చెడిందనుకుంటే అనుకోండి. గొప్ప కోసం చెబుతున్నాడని మాత్రం అనుకోవద్దు. ఇందులో నాకున్నదంతా సిగ్గే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో హోసూరు బస్టాండు దగ్గర ఒక మేడ మీది గదిలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడిపేవాణ్ణి. జాతరలకు భక్తి పాటల క్యాసెట్లు చేయడం పని. ఒక కంప్యూటరు, ఒక సింథసైజర్ కీబోర్డు, ఒక డ్రమ్ము పెట్టె, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు. అంతే నా ఆస్తి. నేను కీబోర్డు మీద వాయించింది కంప్యూటరు గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత మిడి అనే కేబుల్ గుండా కీబోర్డుకీ డ్రమ్ము పెట్టెకీ పంపి, వాటిచేత తిరిగి వాయిస్తుంది.

తళి నుంచి ఒక పూల రైతు తమ ఊరి దేవుడి మీద క్యాసెట్టు వేయించడానికి వచ్చాడు. అన్నీ మెషిన్‌తో చేసినా సరే, డోలు మాత్రం మనిషే వాయించాలన్నాడు. అలా వచ్చాడు తిమ్మరాయప్ప. కెలమంగలం దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. వయసు యాభై అయిదు దాటి ఉంటుంది. ఆయన డోలు మోగందే దేవుడు గుడి దాటడని ఆ చుట్టుపక్కల పేరు.

చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, మెషిన్ తాళం వింటూ వాయించమన్నాను. పల్లవి బాగానే సాగింది. చరణంలో నేను కీబోర్డు మీద వాయించి పెట్టిన వయొలిన్ల మోత మొదలయ్యే చోట ఆయన ముందుకు పోయాడు, మెషిన్ వెనకబడింది. మళ్లీ మొదటి నుంచి పట్టాం. మళ్లీ అదే చోట. అలా ఆరుసార్లు. ఆరోసారి మాత్రం ఆయన ఆగకుండా చివరిదాకా కొట్టాడు, అది టేపులో పడింది.

ఆయన హెడ్‌ఫోన్ తీసి మెల్లగా అన్నాడు. "నేను తప్పలేదప్పా. నీ మిషను ఈడ నిలిచి నిలిచి వస్తా ఉండాది."

కంప్యూటరు తాళం తప్పుతుందా! నాకు ఒళ్లు మండింది. పూల రైతూ ఆయన మనుషులూ అక్కడే ఉన్నారు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందన్నా నీ మాట" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. తిమ్మరాయప్ప నవ్వలేదు. తన కుడి చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. డోలు భుజాన వేసుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. పూల రైతును ఒప్పించి, ఆ పాటలో డోలు కూడా డ్రమ్ము పెట్టెతోనే కానిచ్చాను.

మూడో రోజు ఒక్కణ్ణే కూర్చుని పాట సరిచేసుకుంటున్నాను. డోలు మనిషి లేడు. అయినా చరణంలో అదే చోట తాళం కుంటింది. కేబుల్ మార్చాను, కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. కుంటుతూనే ఉంది. చివరికి వయొలిన్ ట్రాకులో ఏముందో తెర మీద వరుసగా తెరిచి చూశాను. స్వరానికీ స్వరానికీ మధ్య వందల కొద్దీ వరుసలు! మీట నొక్కాక ఇంకా ఎంత గట్టిగా అదిమానన్నది కూడా ఆ కీబోర్డు కంప్యూటరుకు చెబుతుంది. ఆ అదుము ఎవరికీ వినపడదు. కానీ కేబుల్ ఒకటే, అందులో ఒకదాని వెనక ఒకటే పోవాలి. రేషన్ షాపు క్యూలో నిలబడ్డట్టు, డ్రమ్ము దెబ్బ నా అదుములన్నిటి వెనకా నిలబడి ఆలస్యంగా వస్తోంది. వాటిని చెరిపేశాను. తాళం గడియారంలా నడిచింది.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మెషిన్ నిలిచి నిలిచే వచ్చింది. నిలిపింది నా చెయ్యి.

హోసూరుకు కెలమంగలం ఎంత దూరం? ఒక్క బస్సు. వెళ్లి "అన్నా, తప్పు నాదే" అనడానికి ఒక పూట చాలు. వెళ్లలేదు. పూల రైతుకు తెలిస్తే నలుగురిలో పరువు పోతుందని భయం. భయం కంటే పొగరు ఎక్కువ. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

మూడేళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు ఒకామె గుడ్డ సంచీతో మెట్లెక్కి వచ్చింది. తిమ్మరాయప్ప భార్య మునెమ్మ. ఆయన పోయి నెలయిందని చెప్పింది.

"ఆ పొద్దు ఈడ కొట్టింది ఏమన్నా పెట్టినావాప్పా? ఒక తూరి ఇనాల" అంది.

ఆ రోజు ఇంటికి వెళ్లాక ఆయన మళ్లీ డోలు కట్టలేదట. జాతరకు పిలవడానికి వచ్చినవాళ్లతో, "చెయ్యి పోయింది, మిషనే చెప్పింది" అనేవాడట. ఆయన నా మాట నమ్మాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

టేపు ఉంది. పాత టేపులన్నీ చెరిపి వాడుకునే నేను దాన్ని మాత్రం చెరపలేదు. ఎందుకో నన్ను అడగొద్దు. ఇక దాచలేకపోయాను. తప్పు నాదేనని, ఆ సంగతి మూడో రోజే తెలిసిందని చెప్పేశాను.

"మూడు దినాలకేనా?" అంది మునెమ్మ.

ఆ టేపు తీసి బల్ల మీద పెట్టాను.

"ఆయప్ప మూడేండ్లు చెయ్యి చూసుకుంటా కూర్చున్న్యాడు" అంది. అంతే, తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇప్పుడు నీ మిషను సరిగ్గా ఉండాది కదా. రెండూ కలిపి ఇనిపించు."

ఇక్కడే వచ్చింది చిక్కు. సరిచేసిన పాట కంప్యూటరులో ఉంది. ఆయన డోలు క్యాసెట్ టేపులో ఉంది. రెండిటినీ జత కలిపి నడిపే తీగ ఏదీ లేదు. టేపు తిరిగేది రబ్బరు బెల్టు మీద, దాని వేగం నిలకడగా ఉండదు. రెండూ ఒకేసారి మొదలుపెట్టినా అర నిమిషం లోపు విడిపోతాయి. ఈ పని చేసిన ఎవరినైనా అడగండి. విడిపోతే ఆమె చెవికి మళ్లీ ఆయనే తప్పినట్టు వినిపిస్తుంది. అందుకని పదిహేను సెకన్లు వినిపించి ఆపేద్దామనుకున్నాను. అంత జరిగాక కూడా నా బుద్ధి మోసానికే పోయింది.

రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కాను. కంప్యూటరు మొదలైంది, తిమ్మరాయప్ప మొదలయ్యాడు. మునెమ్మ మోకాలి మీద రెండు వేళ్లతో తాళం వేస్తోంది. నా వేలు స్టాప్ బటన్ మీదే ఉంది. పదిహేను సెకన్లయింది. నొక్కబోయాను.

"వేలు తియ్యప్పా" అంది, నా వైపు చూడకుండానే. "ఆయప్ప తప్పడు."

తీశాను. అర నిమిషం దాటింది. చరణం వచ్చింది, వయొలిన్లు మొదలయ్యాయి. ఇదిగో ఇప్పుడు జారుతుంది, ఇదిగో ఇప్పుడు అని చూస్తున్నాను. జారలేదు. అయిదు నిమిషాల పాట. చివరి రెండు దెబ్బలూ డ్రమ్ము పెట్టెతో కలిసి ఒక్కటిగా పడ్డాయి.

మునెమ్మ కళ్లు తుడుచుకుంది. "చెయ్యి పోలే" అంది. నాతో కాదు. టీ తెప్పిస్తానన్నా ఆగకుండా సంచీ తీసుకుని మెట్లు దిగింది.

ఆమె వెళ్లగానే టేపు వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. ఇరవై సెకన్లకే విడిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ విడిపోయింది. ఆ రోజు సాయంత్రం దాకా అదే పని. కొత్త బెల్టు వేసి చూశాను. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ప్రయత్నించానో లెక్క లేదు. ఒక్కసారి కూడా అర నిమిషం దాటలేదు. కరెంటు, మోటారు వేడి ఆ పూటకు అలా కుదిరి ఉంటాయని ఒక ఇంజనీరు మిత్రుడు అన్నాడు. అయి ఉండవచ్చు.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. మెషిన్ ఎందుకు నిలిచిందో చెప్పగలను. టేపు ఎందుకు జారుతుందో చెప్పగలను. మూడేళ్లు నేనెందుకు నోరు మూసుకున్నానో కూడా చెప్పగలను. ఆమెకు వినిపించడానికి నేను సిద్ధం చేసుకున్నది పదిహేను సెకన్లే. మిగతా పాటంతా తాళం ఎవరు పట్టి ఉంచారో మాత్రం నాకు తెలియదు.