మంచిది, తప్పదు

సోమవారం పగలు పదకొండు గంటలకు ఆ ఉత్తరం కంప్యూటర్‌లోకి వచ్చింది. జహీరాబాద్‌లో మా మేడమీద అద్దెకున్న అమ్మాయి చదువురాని మాలాంటి ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించే ప్రోగ్రాం తయారుచేసింది. దేశదేశాల వాళ్లు కలిసి నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ కొట్టులో దాన్ని ప్యాకేజీగా కట్టిపెట్టింది. అక్కడి నియమాలను గోటితో తడుతూ, "ఇది తప్పదు, ఇది చేస్తే మంచిది" అని వేరుచేసి చదవడం ఆమెకు అలవాటు.

ప్యాకేజీని చూసుకునేవాళ్లు ఇద్దరుంటే మంచిదని ఒక నియమం. ఈమె ఒక్కతే. అందుకని ప్యాకేజీని కొట్టులోంచి తీసేస్తున్నామని ఆ ఉత్తరంలో రాశారు.

"మంచిదన్నరు గని తప్పదనలేదు గద, పెద్దమ్మా!"

"తాళం వాళ్ల చేతిలుంటే మంచిదన్నా తప్పదన్నట్టే బిడ్డా. రెండో పేరు నాది రాయి. సంతకం వచ్చు గద నాకు."

"పేరుంటే సాల్తదా? పని తెల్వాలె. అబద్ధం రాయ నేను."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఆ నెలలోనే ఆమె గది ఖాళీ చేసింది. తర్వాత మా కంప్యూటర్ చెడి కొత్తది కొంటే, ప్రోగ్రాం ఎక్కడా దొరకలేదు. ఒత్తులు నేను వేరేచోట నేర్చుకున్నాను. ఝరాసంగం ఊరినుంచి వచ్చి నాతో చదివే చెల్లెలు గుణింతాల దగ్గరే ఆగిపోయింది.

ఆ సోమవారం గదిలో ఉన్నది ఆ అమ్మాయి, నేను, ఆ చెల్లెలు. నియమం రాసినవాళ్లెవరూ లేరు.